పోలిక ఊరు

ఆ ఏడాది నా సంచిలో ఎప్పుడూ ఆరు రకాల సామాను ఉండేది: స్ప్రింగు త్రాసు, తాడు, కర్రలో తేమ చూసే మీటరు, అట్టకు బిగించిన ఫారాలు, పెన్నులు, తువ్వాలు. ఏలూరులో మా ఆఫీసు గుమ్మం దాటే ముందు వాటిని వేలితో తాకి చూసుకునేవాణ్ణి. మెకానికల్ డిప్లొమా చదివి, తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు బాయిలరు దగ్గర కొన్నాళ్ళు పనిచేసి, ఆ ఉద్యోగంలో చేరాను.

గాలిలోకి పోయే పొగ తగ్గించడానికి కొన్ని ఆసియా దేశాలు కలిసి పెట్టుకున్న పథకం అది. డబ్బు జపాన్‌ది. పొయ్యి నమూనా థాయిలాండ్‌ది. ఊళ్ళు శ్రీలంకవి, నేపాల్‌వి, మనవి. ధాన్యం ఊకతో మండే పొయ్యి, పొగ గొట్టంలోంచి కప్పు పైకి పోతుంది. ముందు ప్రతి ఇంట్లో ఎంత కర్ర కాలుతోందో ఏడాది పాటు తూచాలి, ఆ తర్వాత పొయ్యిలు ఇస్తారు. మా సారు నాకు చెప్పింది ఇంతే. నేను ఊళ్ళో చెప్పిందీ ఇంతే.

నాకు రెండు ఊళ్ళు అప్పగించారు. ఒకటి ఉంగుటూరు దగ్గర కాలవ మీద ఉంది. రెండోది కొల్లేటికోట అవతల, చివర్లో పడవ ఎక్కి వెళ్ళాలి. ఫారం పైన మొదటి ఊరికి ‘ఎ’, రెండో ఊరికి ‘బి’ అని రాయమన్నారు. రాశాను. ఎందుకని అడగలేదు.

రెండో ఊళ్ళో ఏడో నంబరు ఇంట్లో ఒక పెద్దావిడ, ఆవిడ కోడలు ఉండేవారు. కొడుకు కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తూ వారానికోసారి, ఆదివారం చర్చి వేళకి వచ్చేవాడు. కోడలికి ఆయాసం. పొయ్యి దగ్గర కూర్చోవద్దని డాక్టరు చెప్పాడట. కానీ అత్తగారు చేపలు ఎండబెట్టడానికి వెళ్తే వంట చేసేది ఆ పిల్లే. తుమ్మకర్ర ముట్టించగానే దగ్గు మొదలయ్యేది.

నా పని తేలికే. పొద్దున్నే కర్ర తూచి, తాడుతో కట్టి, మర్నాడు మిగిలింది తూచాలి. మొదటి వారమే చిక్కొచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ నాకు టీ పెట్టేది, అదీ నేను తూచిన మోపులోంచి కర్ర లాగి.

“నా టీకి కాల్చిన కర్ర మీ వాడకంలో కలిసిపోతుందండి. లెక్క తప్పుతుంది,” అన్నాను.

“అలాగని వచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపుతామేంటండీ?”

మర్నాటి నుంచి గోడవార ఎండిన జమ్ముగడ్డి చిన్న కుప్ప కనిపించింది. అది నా టీ కోసం.

“ఇది మీ లెక్కలోది కాదు బాబూ, మాది,” అంది ఆవిడ. కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఇంజనీరు గారి మోపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుందేమో అత్తా!”

ఏడాదంతా ఆ మోపు జోలికి టీ కోసం ఎవరూ పోలేదు. నా దగ్గరున్న ఫారాల్లో ఆ ఇంటివే అన్నిటికంటే నమ్మదగినవి.

చివరి నెలలో ఆవిడ కొత్త పొయ్యి కొలతలు అడిగింది. పద్దెనిమిది అంగుళాలు పొడుగు, అంతే వెడల్పు అని చెప్పాను. తర్వాతిసారి వెళ్ళేసరికి వంటింటి మూల మట్టిదిమ్మె కట్టి, అలికి, పైకప్పులో గొట్టానికి కంత కూడా పెట్టించింది. టేపు పెట్టి చూశాను. కొలత సరిగ్గా ఉంది.

ఆ పథకం సమావేశం ఏలూరులోనే, ఒక హోటలు హాల్లో జరిగింది. నాలుగు దేశాల వాళ్ళు వచ్చారు. ప్రొజెక్టరు దగ్గర బొమ్మలు మార్చే పని నాది. పదకొండో బొమ్మ ఆవిడ వంటిల్లు, నేను తీసిన ఫోటోయే. కింద ఇలా ఉంది: ‘బి. పోలిక ఊరు. పొయ్యిలు ఇవ్వని ఊరు.’

శ్రీలంక నుంచి వచ్చిన ఒకావిడ చెయ్యెత్తి, ఈ సంగతి ఆ ఊరి ఆడవాళ్ళకి తెలుసా అని అడిగింది.

“తెలిస్తే కొలతలు మారిపోతాయి కదండీ,” అన్నారు సారు. “మా కుర్రాడికే చెప్పలేదు. అందుకే డేటా ఇంత శుభ్రంగా వచ్చింది.” నా వైపు చెయ్యి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పన్నెండో బొమ్మ వేశాను.

భోజనాల దగ్గర సార్ని పట్టుకున్నాను.

“నాకైనా చెప్పాల్సింది సార్.”

“చెబితే నువ్వు ఇలా తూచేవాడివి కాదోయ్.”

“ఒక్క పొయ్యి ఇప్పించండి సార్. ఏడో నంబరు ఇంటికి. ఆ పిల్లకి ఆయాసం.”

“ఒక్కటిచ్చినా పోలిక చెడిపోతుంది. ఇంకో రెండేళ్ళు తూచాలి అక్కడ.” ప్లేట్లో పెరుగన్నం కలుపుకుంటూనే అన్నారు.

ఆ శనివారం ఊరికి వెళ్ళాను. సంచి తీసుకెళ్ళలేదు. పొయ్యి రాదని, కాలవ మీది ఊరికి మాత్రం వస్తుందని, రెండిటినీ పోల్చి చూడ్డానికి ఈ ఊరిని ఇలాగే ఉంచారని ఆవిడకి చెప్పాను.

ఆవిడ దిమ్మె వైపు చూసింది.

“మీకు ముందే తెలుసాండీ?”

“తెలీదండి. అడగాల్సింది. అడగలేదు.”

“నేను కర్ర సరిగ్గా తూయించకపోతే మాకు వచ్చుండేదా?”

“లేదండి.”

కోడలు లేచి అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. నేనూ లేచాను.

“కూర్చోండి, టీ పెడతాను,” అంది ఆవిడ.

వద్దన్నాను. వినిపించుకోలేదు. గోడవార జమ్ము కుప్ప అలాగే ఉంది. ఆవిడ దాని వైపు వెళ్ళలేదు. తర్వాతి తూకానికని కిందటి వారం నేను తూచి కట్టి ఉంచిన మోపు తాడు విప్పి, ఆ తాడు నా చేతికిచ్చి, అందులోంచి రెండు తుమ్మకర్రలు లాగింది.

“ఇంక ఏదైనా ఒకటే కదండీ,” అంది.

పచ్చికర్ర. ఇల్లంతా పొగ నిండింది. అరుగు మీద దగ్గు మొదలైంది. టీ చల్లారేదాకా ఆగలేదు. మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చాను.

సోమవారం ఆఫీసులో త్రాసు, మీటరు, ఫారాలు బల్ల మీద పెట్టేసి వచ్చాను. తాడు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.