లేనివాళ్ళ లోడు

పెరెలినీకి ఒకటే జబ్బు. ఏ ఇంటికైనా కరెంటు తీగ ఎంత లావు వెయ్యాలో చెప్పమంటే, ఆ ఇంట్లో లేనివాళ్ళ లోడు కూడా కలిపేస్తాడు.

బ్రహ్మచారి బడిపంతులు ఇంటికి లెక్క వేస్తూ ఇస్త్రీపెట్టె కలిపాడు.

"ఎవరిది?" అన్నాడు పంతులు.

"వచ్చే ఆవిడది."

"ఎవరావిడ?"

"నాకెందుకు? తీగకి తెలిస్తే చాలు."

సవాయీ దీవిలో ఆ ఊరికి ఎలక్ట్రీషియన్ అతనొక్కడే. తలితాకి వేరే దారి లేదు. పాత తీగ కాలిపోయి ఇల్లు చీకటయింది. ఆదివారం చర్చి పెద్దలందరికీ భోజనం ఆమె ఇంట్లోనే. శనివారానికి ఫ్రీజరు తిరగకపోతే చేపలతోపాటు పరువూ కుళ్ళిపోతుంది.

"బాబాయ్, ఒక ఫ్రీజరు, అన్నం కుక్కరు, నాలుగు దీపాలు. అంతే."

"ఇంకా?"

"ఇంకేం లేవు."

"ఇంకా, తల్లీ?"

రోడ్డు మీది స్తంభం నుంచి ఇంటికి, ఇంటి నుంచి స్తంభానికి తిరుగుతూనే ఉన్నాడు. ఆటుకీ పోటుకీ మధ్య సముద్రమైనా ఒక క్షణం నిలుస్తుంది, అతని కాళ్ళు నిలవవు. వెనకే తలితా.

"ఇంత దూరం సన్నతీగ వేస్తే కరెంటు దారిలోనే అలిసిపోతుంది."

"అలిసిపోతున్నది నేను!"

అతను కంచె దగ్గర ఆగాడు. అవతల ఒక పంది గుర్రుమంది.

"దాని వంక చూడకు బాబాయ్! మా ఎపెనేసా అక్కది. నా చేమతోటంతా తవ్వి తినేసింది. ఆ రోజే అక్కింటికిచ్చిన తీగ పీకేశాను. మాటల్లేవు."

"ఊఁ" అని మళ్ళీ నడక.

శుక్రవారం కేబుల్ దిగింది, మలుగుపాములా నల్లగా, లావుగా.

"ఇది ఇంటికా, ఓడరేవుకా?"

పెరెలినీ తవ్వుతూనే ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఫ్రీజరు మెల్లగా మూలిగింది. తలితా ఊపిరి పీల్చుకుంది. అంతలో బోర్డులో ఒక స్విచ్చు ఎక్కువగా కనిపించింది. దాని తీగ మట్టికింద కంచెదాకా వెళ్ళి ఒక డబ్బాలో ఆగింది.

"ఇదెవరికి?"

"మీ అక్క ఫ్రీజరుకి."

"ఆవిడ అడిగిందా?"

"లేదు."

"నేనడిగానా?"

"లేదు. మీరు మాట్లాడుకునే రోజున మళ్ళీ తవ్వే ఓపిక నాకు లేదమ్మా."

"మేం మాట్లాడుకోం!"

"సరే. లోడు సున్నా. తీగకేం బరువు?"

అప్పుడే చర్చి కుర్రాళ్ళు చేపలబుట్టలు దింపారు. సగం సర్దేసరికి ఫ్రీజరు మూత పడలేదు. తలితా మూతమీద కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. చివరికి కంచె దగ్గరికి వెళ్ళింది.

"అక్కా! నీ ఫ్రీజరు ఖాళీయేనా?"

కంచె అవతలినుంచి ఎపెనేసా తొంగిచూసింది.

"నువ్వు తీగ పీకినప్పటి నుంచీ అందులో బట్టలు పెట్టుకుంటున్నా."

"బట్టలు తియ్యి. చేపలు తెస్తున్నా."

ఆ మాట ముగిసేలోగానే పెరెలినీ కంచె దూకేశాడు. పొద్దు వాలేవేళకి రెండిళ్ళ ఫ్రీజర్లూ ఒకేసారి మూలిగాయి. ఒక్క దీపమైనా వణకలేదు. అక్కాచెల్లెళ్ళు పంది గురించి హాయిగా కొత్త తగువు మొదలుపెట్టారు.

పెరెలినీ సంచీ భుజానేసుకుని గేటుదాకా వెళ్ళి ఉలిక్కిపడ్డాడు. వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"తల్లీ, పంది దొడ్లో దీపం లెక్కలో కలపడం మర్చిపోయాను!"