ఓయ్ అంటే పలకని సందు

మాకు మీసాలు మొలుస్తున్న ఆ రోజుల్లో జమ్మలమడుగు, పులివెందుల వైపు కుర్రాళ్ళు కోపానికి కారణం వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. ఇంటింటా పెద్దవాళ్ళే దాన్ని సిద్ధం చేసి పెట్టేవారు. అందుకేనేమో, ఏ కారణమూ లేకుండా ఉత్తపుణ్యానికి మండిపడే పాటలు మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. వాటిని పంక్ పాటలంటారని చెప్పినవాడు బెంగళూరోడు. (వాడిది అసలు జమ్మలమడుగే. ఫ్యాక్షన్ గొడవల్లో వాళ్ళ చిన్నాయనను చంపేశాక, పిల్లవాడినైనా దక్కించుకుందామని వాళ్ళ నాన్న బెంగళూరు బడిలో వేశాడు. ఆ పేరే నిలిచిపోయింది.) సెలవుల్లో ప్రొద్దుటూరులో మా పక్కింట్లో ఉండే మేనత్త దగ్గరికి ఒక క్యాసెట్ పట్టుకుని వచ్చేవాడు. అందులో కుర్రాళ్ళు గిటార్లను చితకబాదుతూ బడి మీదా, నాన్నల మీదా, కన్నెత్తి చూడని అమ్మాయిల మీదా విరుచుకుపడతారని వాడే చెప్పాడు. మధ్యమధ్యలో అందరూ కలిసి "ఓయ్, ఓయ్, ఓయ్" అని కేక పెట్టేవారు. పాట మొత్తంలో నాకు అర్థమైన మాట అదొక్కటే, పైగా అది మన తెలుగేనని గర్వపడేవాణ్ణి.

ఒకసారి ఎలక్షన్ల ముందు రెండు వర్గాల పెద్దలూ రాజీకి ఒప్పుకున్నారు. సభ పెట్టింది జమ్మలమడుగులో, బెంగళూరోడి అవ్వ ఉండే సందు మొదట్లోనే. చిన్నాయన పోయినప్పటి నుంచి వాడు అవ్వ మొహం చూడలేదు. రాజీకి గుర్తుగా పెద్దలు తాంబూలాలు మార్చుకున్నాకే సందులో కాలు పెడతానని నాన్నకు ఒట్టు వేసి వచ్చాడు. సభకు మైకుసెట్టు మా మామది కాబట్టి, సామాను మోసే మిషతో ఇద్దరం ఆయన జీపెక్కాం. మిట్టమధ్యాహ్నానికి స్తంభానికి మైకు హారన్లు కట్టడం అయిపోయింది. వాడు పెట్టె మీద కూర్చుని సందు చివర ఉన్న నీలం తలుపు వైపే చూస్తున్నాడు.

"అవ్వ నన్ను గుర్తు పడతాదంటావా?" అన్నాడు.

"నీ మీసాలు చూసి జడుసుకుంటాదిలే" అన్నాను.

మామ కండువా దులుపుకుంటూ లేచాడు. "బువ్వ తినొస్తా. హలో అని చూసి ఆపేయండప్పా. యాలాకోలాలు చేయాకండి."

హలో అనడం నాకు మరీ చప్పగా తోచింది. వాడి జేబులోని క్యాసెట్ లాగి మైకుసెట్టు టేపులో పెట్టేశాను.

ముందు డ్రమ్ములు మోగాయి. ఆ చప్పుడును జమ్మలమడుగులో వేరే పేరుతో పిలుస్తారని (నాటుబాంబు అని) నాకు అప్పటిదాకా తట్టలేదు. వెంటనే హారన్లలోంచి ఒక గుంపు "ఓయ్, ఓయ్" అంటూ సందులోకి దిగింది. ఎవరూ అరవలేదు, పరుగెత్తలేదు. బంకు రేకు కిందికి జారింది. తలుపు గడియలు ఒకదాని తర్వాత ఒకటి పడుతూ పోయాయి. మంగలి అంగట్లో సగం గడ్డంతో ఉన్న పెద్దమనిషి మెడలో గుడ్డతో సహా మాయమయ్యాడు, గడప మీద నురగ మాత్రం మిగిలింది. ఆపబోయి కంగారులో సౌండు గుండీని ఇంకా పైకి తిప్పాను. ఎట్లాగో పాట అయిపోయి టక్కున ఆగింది. ఎక్కడో పాలు పొంగి పొయ్యిలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ప్రతి కిటికీ వెనకా కళ్ళున్నాయని తెలుస్తోంది గానీ ఒక్కటీ కనబడలేదు.

అప్పుడు ఆ నీలం తలుపొక్కటే తెరుచుకుంది.

"వస్తాండా నాయనా, వస్తాండా" అంటూ ఒక ముసలావిడ ఖాళీ సందులో నడిచి వచ్చింది. మమ్మల్ని చూడలేదు. హారను కింద నిలబడి తలెత్తి దాన్నే అడిగింది. "ఎవుర్ని పిలుస్తాండారప్పా?"

"అవ్వా, అది ఇంగ్లీషు పాట" అన్నాడు బెంగళూరోడు.

"పాటా? ఈ సందులో ఓయ్ అంటే ఎవురూ పలకరు నాయనా. మా చిన్నోడు బువ్వ కాడ కూర్చోనుంటే, బయట్నుంచి అట్లనే పిలిచినారు. పేరు పెట్టి పిలిస్తేనే ఈడ తలుపు తీసేది." మళ్ళీ హారను వైపు చూసింది. "ఒకడు కాదు, శానామంది ఉండారే. అంతా వాని ఈడోళ్ళే. వాడూ ఉండాడేమోనని వచ్చినా."

అప్పుడు ఆవిడ చూపు కిందికి దిగి వాడి మీద ఆగింది. మీసాలకు జడుసుకోలేదు. చెంప తడిమి, పేరు పెట్టి పిలిచింది. "రా, సంగటి చేసినా."

"ఇంకా తాంబూలాలు మార్సుకోలేదవ్వా."

"ఎవురో ఓయ్ అంటే నేనొచ్చినా. నేను పేరు పెట్టి పిలిస్తే నువ్వు రావా?"

వాడు లేచాడు. ఆవిడ వెనకే ఆ మూసిన తలుపుల మధ్య నుంచి చివరిదాకా నడిచాడు. నేను ఒక్కో కిటికీనే చూస్తూ ఉండిపోయాను. ఏమీ కాలేదు. పెద్దలు వచ్చేసరికి వాడు అరుగు మీద సంగటి తింటున్నాడు. రెండు వైపుల వాళ్ళూ వాణ్ణి చూసి తాంబూలాల పళ్ళెం తెమ్మన్నారు. మా మామ మాత్రం మూసిన బంకులు చూసి, "ఏం టెస్టింగు చేసినావప్పా, ఊరు ఊరే లేదే" అని నా చెవి మెలిపెట్టాడు.

ఇప్పుడు ఆ పాటలు ఫోనులోకి వచ్చేశాయి. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు వింటుంటాను. ఆ కుర్రాళ్ళకు ఇంకా వయసు మళ్ళలేదు, కోపమూ తీరలేదు. వాళ్ళు "ఓయ్" అన్నప్పుడల్లా రోడ్డు మధ్యలో వెనక్కి తిరిగి చూస్తాను. ఎవరూ ఉండరు. పేరు పెట్టి పిలవనిదే పలకకూడదని తెలిసీ, ఈ నెరిసిన తల నెమ్మదిగా నవ్వి, "వస్తాండానప్పా, మోకాళ్ళు రానిస్తే" అంటుంది.