కడుపు కనబడని దూర్బీన్

ఇందులో ప్రతి మాటా నిజమని మా పెద్దబర్రె మీద ఒట్టు వేసి చెబుతున్నాను. నేను చెప్పే కథల్లో రూపాయికి పన్నెండణాలు గాలేనని మా కార్వాన్ పేటంతటా పేరున్న మాట వాస్తవమే కానీ, ఇది ఆ జాతి కథ కాదు. ఆ బర్రె మా గుమ్మం దాటి నలభై ఏళ్లు కావస్తోంది, ఒట్టు తప్పినా ఇప్పుడు దానికొచ్చే కష్టమేమీ లేదని మా ఇంటావిడ వంటింట్లోంచి అంటోంది. ఆమె మాట పట్టించుకోకండి.

ఆమె అక్కడ వెన్న కాస్తోంది. కాగితం పొట్లంలో అంగడి నుంచి వచ్చిన వెన్న, ఏ బర్రెదో ఏ ఊరిదో తెలియనిది. అయినా నురుగు విరిగి, అడుగున ఎర్రటి మడ్డి కట్టి, చివర్న వేసిన తమలపాకు చిటపటమన్నప్పుడు లేచే వాసన మాత్రం అదే. ఆ వాసనకు అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం మూసీ మీది పాత వంతెన పురానాపూల్, దాని మీద ఒక సాయంత్రం గుర్తొస్తాయి.

అప్పటికి యుద్ధం మొదలు కాలేదు, నాకు ఎనిమిదేళ్లు. కార్వాన్‌లో మా ఇంట్లో మనుషులకంటే బర్రెలే ఎక్కువ, మనుషులకంటే బర్రెలకే మర్యాద ఎక్కువ. చలికాలం తెల్లవారుజామున పిడకల పొగా మూసీ మీది మంచూ కలిసి వాకిట్లోకి వచ్చి కూర్చునేవి. ఆ తెల్లదనంలో పాలు బిందెలోకి పడే చుయ్‌మనే చప్పుడు ముందు వినబడేది, మా అవ్వ తర్వాత కనబడేది. కన్నతల్లినే మేం అవ్వ అనేవాళ్లం, తండ్రిని బాపు. కాలిన జొన్నరొట్టె మీద ఆమె వేసే వెన్నముద్ద అంచులు దాటి మోచేతి దాకా కారేది, దాన్ని నాక్కుంటూ గోటీలాటకు పరుగెత్తేవాళ్లం. దీపావళికి బర్రెల కొమ్ములకు నూనె రాసి, మెడలకు గవ్వల పట్టీలు కట్టి వీధిలో తిప్పుతుంటే, మా పెద్దబర్రె పెళ్లికూతురిలా తల దించుకుని నడిచేది. దానికి ఉర్దూ, తెలుగూ రెండూ వచ్చు. తిడితే మాత్రం ఏ భాషా రానట్టు నిలబడేది.

మా బాపు పేరు మల్లయ్య. ఆయన పురానాపూల్ మీద నిలబడి, చార్మినార్ మీద వాలిన పావురం ఆడదో మగదో చెప్పేవాడు. నవ్వకండి, ఒట్టు వేశాను. పోనీ పావురం సంగతి వదిలేయండి. దూరంగా నడిచిపోతున్న బర్రెను చూసి అది చూడిదో కాదో, చూడిదైతే ఎన్నో నెలో బాపు చెప్పేవాడన్నది మాత్రం బజారంతా ఎరిగిన మాట. నడకలో డొక్క ఊగే తీరు చూస్తే చాలునట. బర్రెను కొనబోయేవాళ్లు డబ్బు తీసేముందు ఆయన్ని పిలుచుకుపోయేవాళ్లు.

ఆ చూపే ఆయన్ని వేటకు తీసుకుపోయింది. మేం వెన్న పోసేది దేవిడికి, అంటే నవాబుగారి మేడకు. ఆ నవాబుగారికి చలికాలమంతా దుప్పుల వేట. పొద్దుగూకే వేళ దుప్పులు నీళ్లకు వస్తాయి. ఆ మసకలో కొమ్ములు రాల్చిన మగది ఆడదానిలా ఉంటుంది, ఎండుకొమ్మ ముందు నిలబడ్డ ఆడది మగదానిలా ఉంటుంది. నవాబుగారు తుపాకి ఎక్కుపెట్టి, పక్కన కూర్చున్న బాపు మాట కోసం ఆగేవారు. "మగది" అంటే కాల్చేవారు. "కడుపుది సర్కార్, ఇడ్సిపెట్టుండ్రి" అంటే తుపాకి దించేవారు. దానికి బదులుగా గుడిమల్కాపూర్‌లో ఆయన తోటలో గడ్డి కోసుకునే హక్కు మాది. మా బర్రెలు బతికేది ఆ గడ్డి మీదే.

ఏడాదికేడాదికీ నవాబుగారికి చూపు ఆనడం తగ్గింది. తుపాకి మీద దూర్బీన్ బిగించుకోమని ఎవరో చెప్పారు. ఆబిడ్స్ నుంచి ఒక దుకాణం మనిషి మూడు జర్మనీ దూర్బీన్లు తోలు పెట్టెల్లో పెట్టుకుని దేవిడికి వచ్చాడు. ఒకటి సన్నగా పొడుగ్గా వెదురుగొట్టంలా ఉంది. ఒకటి మధ్యరకం. ఇంకొకటి లావుపాటిది, ముందు అద్దం చిన్న గిన్నెంత ఉంది. ఏది కొనాలో చెప్పమని నవాబుగారు మా బాపునే పిలిపించారు.

దుకాణం మనిషి సన్నదాన్ని తెగ పొగిడాడు, దూరంలో ఉన్నది ముక్కు ముందుకు తెస్తుందని. బాపు మేడ మీది నుంచి మూడింటిలోనూ చూశాడు.

"దగ్గరికైతే తెచ్చింది గని, దీపం ఆర్పి తెచ్చింది" అన్నాడు సన్నదాన్ని పక్కన పెడుతూ. "పగటేల అన్ని అద్దాలు మంచియే సర్కార్. దుప్పి పొద్దుగూకంగ వస్తది. గప్పుడు సూడాలె." లావుదాన్ని మాత్రం రెండు చేతులతో పట్టుకుని కాసేపు వదల్లేదట.

ఆ మధ్యాహ్నం ఇంట్లో చల్ల చిలుకుతూ అవ్వ లొల్లి పెట్టుకుంది.

"గంత మంచి అద్దం వస్తే ఇంక నిన్నెందుకు పిలుస్తరు? గడ్డి బందైతది. నీ కంచం నువ్వే గుంజి అవతల పెడ్తున్నవ్."

"సర్కార్ అడిగిండే. మంచిదేదంటే మంచిదే చెప్తా."

"మస్తు చెప్తవ్. బర్రెలకేం పెడ్తవ్, నీ మంచితనం కోసి పెడ్తవా?"

బాపు నవ్వి గొంగడి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఈ మాటలన్నీ విన్నవాడు మా పెద్దమ్మ కొడుకు యాదగిరి. నాకంటే రెండేళ్లు పెద్దవాడు, ముందుపన్ను ఒకటి విరిగింది, ఎడమ చెవికి రాగిపోగు, చేతులు ఎప్పుడూ ఏదో ఒక దాంట్లో ముంచి ఉంచేవాడు. ఆ సాయంత్రం దేవిడికి వెన్నకుండ తీసుకుపోతూ వాడూ నేనూ పురానాపూల్ చేరేసరికి నవాబుగారి మోటారు పూల్ మీద ఆగి ఉంది.

కింద ఇసుకలో చాకళ్లు ఆరేసిన బట్టలు మడతపెడుతున్నారు. నీళ్ల మీద గబ్బిలాలు, ఎక్కడో అజాన్, గాలిలో బురద వాసనా మల్లెల వాసనా కలిసి వస్తున్నాయి. మేత నుంచి బర్రెలు నది ఒడ్డునే బారుగా మళ్లుతున్నాయి. అదే బాపు పెట్టిన పరీక్ష. పిట్టగోడ మీద గొంగడి చుట్టి, దాని మీద దూర్బీన్ ఆనించి చూస్తే, ఆ బారులో చూడిబర్రెలు ఏవో ఏ అద్దంలో చివరిదాకా తెలుస్తాయో అదే మంచి అద్దం.

పెద్దలు నదివైపు తిరిగి ఉన్నారు. మోటారు సీటు మీద పెట్టెలు తెరిచి ఉన్నాయి. యాదగిరి కుండలో వేలు ముంచి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, లావుదాని ముందు అద్దానికి పల్చగా, పాపాయి బుగ్గకు రాసినంత నేర్పుగా వెన్న రాశాడు. అద్దం మంచిది కాకపోతే నవాబుగారు దూర్బీన్ మాటే మరిచిపోతారని, ఆయన పక్కన బాపే ఉంటాడని వాడి లెక్క.

బాపు సన్నదాన్ని వెంటనే ఇచ్చేశాడు. మధ్యరకంలో కాసేపు చూశాడు. చివరికి లావుదాన్ని కంటికి ఆనించాడు, తీశాడు, రుమాలుతో కన్ను తుడుచుకున్నాడు, మళ్లీ ఆనించాడు. రెండో కన్నుతో చూశాడు. అద్దం వైపు మాత్రం చూడలేదు. ఇక వెన్న వాసనంటారా, అది ఆయన ఒంటిదే. ఆ వాసన తెలియడం ఆయనకు ఎప్పుడో ఆగిపోయింది.

"గప్పుడే పొద్దుగూకిందా?" అన్నాడు, ఎవరినీ అడగనట్టు. ఇంకా వెలుగు బాగానే ఉంది.

"క్యా హువా, మల్లయ్య?"

"ఏం లేదు సర్కార్. గిది ఒద్దు." మధ్యరకం పెట్టె చూపించి, "దీంట్ల కొమ్ములు కనవడ్తయ్. కడుపు కనవడ్తలేదు" అన్నాడు.

"అరే, హమ్‌కు సింగాంచ్ హోనా!" అని నవాబుగారు పెద్దగా నవ్వారు. ఆయనకు కావలసింది కొమ్ములే కదా. మధ్యరకమే కొన్నారు. దుకాణం మనిషి లావుదాన్ని పట్టుగుడ్డతో తుడిచి, గుడ్డ వైపు చూసి ఏదో గొణిగి, పెట్టె మూశాడు. బాపు అప్పటికే నదివైపు తిరిగి ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, బర్రెలను చూస్తున్నాడు.

వారం తిరక్కుండా వేటకు పిలుపు వచ్చింది. మా లెక్క ఫలించిందని లోపల గంతులు వేశాం. వేట నుంచి వచ్చేటప్పుడు బాపు చేతిలో ఎప్పుడూ మోదుగాకుల్లో చుట్టిన మాంసం ఉండేది. ఈసారి ఖాళీ చేతులతో వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. గోళ్ల నిండా మన్ను. అవ్వ నీళ్లిచ్చింది. తాగకుండా చెప్పాడు.

"నీళ్లకొచ్చింది. సర్కార్ అద్దంల సూసి, కొమ్ములున్నయ్, ఏమంటవ్ మల్లయ్యా అన్నడు. నాకు కడుపుదే అనిపించింది. నడక గట్లనే ఉండె. గని పూల్ మీద నా కండ్లు మసకేసినంక, నా కండ్ల మీద నాకే నమ్మకం లేకపాయె. మీ అద్దంల ఏమున్నదో గదే సర్కార్, అన్న."

కొమ్ములు కావు, వెనక ఎండుకొమ్మ. కడుపులోని పిల్లను బాపు తన చేతులతోనే గుంట తవ్వి పూడ్చి వచ్చాడు.

ఆ తర్వాత ఆయన వేటకు పోలేదు. దేవిడి నుంచి రెండుసార్లు మనిషి వచ్చాడు, మూడోసారి రాలేదు. ఎండాకాలానికి గడ్డి ఆగిపోయింది. నాలుగు బర్రెలు అమ్మాం. పెద్దబర్రెను తోలుకుపోతుంటే వీధి మలుపులో అది ఆగి వెనక్కి చూసింది. అప్పుడు అది చూడిది. కొన్నవాడు ఎన్నో నెల అని అడిగితే బాపు, "మా ఇంటామెను అడుగు భాయ్" అన్నాడు.

అప్పటినుంచీ బాపు బతికినంతకాలం, ఉన్నట్టుండి అన్నం ముందరో, పాలు పిండుతూనో, "ఆ అద్దం గట్లెందుకు మసకేసింది రా?" అని నన్ను అడిగేవాడు. నేను రోజుకో కారణం చెప్పేవాణ్ని. ఆ పొద్దు మసీదులో వేసిన సాంబ్రాణి పొగంతా పూల్ మీదికే వచ్చిందనేవాణ్ని. పూల్ కింది ముసలి మొసలి ఒకటి నిట్టూర్చిందనేవాణ్ని. జర్మనీ అద్దం కదా, మన బర్రెలను చూసి సిగ్గుపడిందనేవాణ్ని. బాపు నవ్వేవాడు. నేను కథలు అల్లడం నేర్చుకున్నది అక్కడే. ఆఖరిసారి అడిగినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఆయనకు మంచం మీది నుంచి లేచే ఓపిక లేదు. అప్పుడూ ఒక కథే చెప్పాను. సగంలో నవ్వుతూ కళ్లు మూసుకున్నాడు.

పురానాపూల్ ఇప్పటికీ ఉంది. దాని మీద నిలబడితే ఇసుక కనబడదు, బర్రెల బారు కనబడదు. మల్లెల వాసన ఎప్పుడైనా వస్తే అది గుడిమల్కాపూర్ నుంచి సైకిల్ మీద పోయే పూలబుట్టది. దేవిడి వాకిట్లో లారీలు నిలుపుతున్నారు. వేట సర్కారు బంద్ చేసింది, దుప్పులకు మంచిదే అయింది. దూరపు బర్రె నడక చూసి కడుపు చెప్పేవాళ్లు కార్వాన్‌లో ఒక్కరూ మిగల్లేదు.

ఒట్టు వేశాను కదా. పావురం సంగతి మీరు ముందే పట్టుకున్నారు, మొసలిని బాపే నమ్మలేదు. ఇంకొకటుంది. మా పెద్దమ్మకు కొడుకుల్లేరు. యాదగిరి అనేవాడు పుట్టనే లేదు. విరిగిన పన్నూ, రాగిపోగూ ఇప్పుడే కూర్చి పెట్టాను. ఆ సాయంత్రం వెన్నకుండతో పూల్ మీదికి నేనొక్కణ్నే వచ్చాను.

చలికాలం కదా, వెన్న గట్టిగా ఉంది, వేలు లోపలికి దిగడానికి కాస్త నొక్కవలసి వచ్చింది. అద్దం వెన్న కంటే చల్లగా ఉంది.