ఎక్కినోణ్ణల్లా పడదోసే బండి

మస్తాన్ పంపిన ఫోటోను ఫోనులో మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ నంద్యాలలో తెల్లవారుజాము బస్సెక్కాను. మస్తాన్ ప్రొద్దుటూరులో మెకానిక్కు. నాకు పాత మోటారు సైకిళ్ళ పిచ్చి ఉందని తెలిసినవాడు. పులివెందుల అవతల ఒక పల్లెలో, చెనిక్కాయ పొట్టు పోసుకునే కొట్టంలో, ఇసుకలోనూ గుట్టల్లోనూ తోలే బండి ఒకటి ఏళ్ళుగా పడి ఉందని కబురు చేశాడు. ఫోటోలో సగం పొట్టే. మిగతా సగంలో డ్రమ్ము రేకు వంచి ఎత్తుగా బిగించిన ముందు మడ్‌గార్డు కనిపిస్తోంది. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

మా అన్న ఓబులేసు బండికి అలాంటి మడ్‌గార్డే ఉండేది. అప్పుడు మేం జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. పోలియో వచ్చి అన్నకు ఎడమకాలు చచ్చుబడింది. అయినా నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని పెన్న ఇసుకలో బండిని ఎగరేసుకుంటూ తోలేవాడు. ఊళ్ళో అందరూ వాణ్ణి వంకరోడు అనేవాళ్ళు. మా నాయనా అదే అనేవాడు. వాడు కామెర్లొచ్చి పోయాక నెల తిరక్కుండా నాయన ఆ బండిని ఎవరికో అమ్మేశాడు. అన్న ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. వాడి చేతిది ఈ భూమ్మీద ఏదైనా మిగిలి ఉంటే ఆ బండే. కానీ పెన్న ఇసుకలో పందేలు కట్టే కుర్రాళ్ళంతా ఆ రోజుల్లో అలాంటి మడ్‌గార్డే పెట్టించుకునేవాళ్ళు. అందుకే మస్తాన్‌కు అన్న సంగతి చెప్పలేదు. తీరా కాకపోతే నవ్వులపాలవుతానని భయం.

ప్రొద్దుటూరు బస్టాండు ఎదురుగా మరమరాలతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆ ఊరు వెళ్ళేవాళ్ళు తప్పకుండా తినాలి, అయితే పొద్దున్నే వెళ్ళాలి. తొమ్మిది దాటితే గిన్నె అడుగుది పెడతారు. తర్వాత నేనూ మస్తానూ అతను మాట్లాడిపెట్టిన ట్రాలీ ఆటోలో ముద్దనూరు మీదుగా పులివెందుల బయల్దేరాం. మబ్బు పట్టింది కానీ చినుకు లేదు. దారి పొడవునా బండ నేలలు, ఎండిన చీనీ, అంటే బత్తాయి, తోటలు. అంత దిగాలైన ఆకాశం కింద ఆ రోడ్డు ఎంతకీ తరగలేదు.

కొట్టం లక్ష్ముమ్మది. గొర్రెలు కాసుకునే కుటుంబం. మేం పొట్టు తోడి బండిని బయటికి లాగుతుంటే ఆమె గడపలోనే నిలబడింది, దగ్గరికి రాలేదు. హ్యాండిలుకు నల్లదారంతో కట్టిన నిమ్మకాయలు ఎండి రాళ్ళలా వేలాడుతున్నాయి.

"ఇవేంది పెద్దమ్మా?" అన్నాను.

"మా కొడుకు గొర్రెలకాడికి పోనీకి తెచ్చినాడు నాయనా. బ్రేకు తొక్కితే నిలబడదు, ఎగురుతాది. ఎక్కినోణ్ణల్లా పడదోసింది. మా మరిదికి చెయ్యిరిగింది. దీంట్లో ఏందో ఉండాదని నిమ్మకాయలు కట్టి మూలకు దోసినాం. తీస్కపో, మాకు పీడ ఇరగడయితాది."

మస్తాన్ నవ్వాడు. నేనూ నవ్వాను. బండి కింది సగమంతా పేడ, మట్టి గడ్డకట్టి ఉంది. చాసిస్ నంబరు ఉండాల్సిన చోట తుప్పు తప్ప ఏమీ లేదు. ట్యాంకు మీద చెయ్యేసి చూశాను. చిన్నప్పుడు కూర్చున్న ట్యాంకు కదా, చేతికైనా తెలుస్తుందేమో అనుకున్నాను. ఏమీ తెలియలేదు.

సాయంత్రానికి మస్తాన్ షెడ్డు చేరాం. "సరిజెయ్యాల్నా, ఉన్నట్టే కడిగియ్యాల్నా?" అని అడిగాడు.

"అంతా సరిజెయ్ భాయ్. ఇంటికి తోలుకుని పోవాల," అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

రాత్రి బస్టాండు పక్కన లాడ్జిలో పడుకున్నాను. దోమలు. ఆ లాడ్జి సంగతి ఇంతకంటే చెప్పను.

మర్నాడు జమ్మలమడుగు బస్సెక్కాను. అన్నకు స్నేహితుడైన దావీదు అక్కడ మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో ఉంటున్నాడు. ఒకప్పుడు వెల్డింగు చేసేవాడు. గుర్తు చెప్పగలిగితే ఆయనే చెప్పాలి. బస్సులో పక్క సీటు ముసలామె నన్ను కాసేపు పరీక్షగా చూసింది.

"ఆస్పత్రికా అప్పా?"

"కాదమ్మా."

"మల్ల ఆ మొగమేంది?"

కిటికీలోంచి పెన్నను చూశాను. నీళ్ళు లేవు. అంతా ఇసుకే.

దావీదుకు చూపు మందగించింది. ఫోనును కళ్ళకు ఆనించుకుని ఫోటో చూసి పెదవి విరిచాడు.

"మడ్‌గార్డుతో ఏం తెలుస్తాదిరా? అందరికీ నేనే చేసిస్తి. ఇంజను కింద సూసినావా?"

"లేదన్నా. ఏముంది ఆడ?"

"మీయన్నకు ఎడమకాలుతో గేరు పడదు గదా. ఒకదినం పాత బోరింగు పంపు రాడ్డు బుజానేసుకొని వచ్చినాడు. ఇద్దరం కోసి, వంచి, ఇంజను కింద నుంచి గేరును కుడిపక్కకు తెచ్చినాం. బ్రేకుండే తావున గేరు, బ్రేకేమో మడమ కిందికి. వాడే గీసినాడు, వాడే వంచినాడు, నేను అతికించినానంతే. ఇంగెవురి బండికీ అట్ల చెయ్యలే."

బ్రేకు తొక్కితే ఎగురుతాది! లక్ష్ముమ్మ మాట చెవిలో గింగురుమంది. ఆ బండిలో దెయ్యమూ లేదు, పాడూ లేదు. బ్రేకనుకుని అందరూ గేరు తొక్కారు. రెండు కాళ్ళూ బాగున్నవాళ్ళు ఒక్కరూ దాన్ని తోలలేకపోయారు. నేను నవ్వుతూ ఏడ్చేశాను. దావీదు చెయ్యి పట్టుకుని, "మా వాడిదేనన్నా, మా వాడిదే," అని ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ఆయన అన్నం తినిపోరా అంటున్నా ఆగలేదు. బస్టాండుకు పరిగెడుతూ మస్తాన్‌కు ఫోను చేశాను. ఎత్తలేదు. షెడ్డులో చప్పుడుకు వినపడదు. బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది.

నేను వెళ్ళేసరికి బండి కడిగి, తుడిచి, షెడ్డు ముందు నిలబెట్టి ఉంది. ఇంజను ఆడుతోంది. రాత్రి నుంచి పనిలోనే ఉన్న మస్తాన్ మొహం వెలిగిపోతోంది.

"పులి మాదిరి ఉండాది సూడప్పా! యా మెకానిక్కో ఏమో, అంతా వంకరగా పెట్టినాడు. కుడిపక్క గేరంట! ఆ రాడ్డంతా కోసి పారేసి, కంపెనీ మాదిరి సరిజేసినా. ఇంగ సిన్నపిల్లోడైనా తోల్తాడు."

"రాడ్డు యాడుంది?"

"పాత ఇనుము బండోడు తీస్కపాయ గదా."

అప్పుడు చెప్పాను అన్న సంగతంతా. మస్తాన్ ఇంజను ఆపి, నన్ను వెంటబెట్టుకుని పాత ఇనుము కొట్టుకు వెళ్ళాడు. మధ్యాహ్నమే సరుకంతా లారీకెత్తారట. ఖాళీ నేల మీద తుప్పు రజను మాత్రం ఎర్రగా ఉంది.

"ముందే ఒక మాట చెప్పింటే కాదా అప్పా," అన్నాడు. కోపంతో కాదు, బాధతోనే అన్నాడు.

అతన్ని ఏమనగలను? సరిజెయ్ అన్నాను, సరిచేశాడు. మా నాయన అన్న బతికినంత కాలం వాడి వంకర సరిచేయాలనే చూశాడు, చేతకాలేదు. నేను ఒక్క మాటతో చేయించాను.

మర్నాడు పొద్దున్నే బండి మీద ఇంటికి బయల్దేరాను. మైదుకూరులో టీకి ఆగితే ఒక రైతు బండి చుట్టూ తిరిగి చూశాడు.

"శానా బాగా జేయించినావప్పా. ఎవురిది?"

మా అన్నదని చెప్పబోయాను. "పాతది, కొన్నా," అన్నాను.

అక్కడి నుంచి రోడ్డు బాగుంది. గేర్లు నా ఎడమకాలికి వెన్నలా పడుతున్నాయి. చాగలమర్రి దాటాక, చుట్టూ ఎవరూ లేని చోట, కుడికాలితో బ్రేకు గట్టిగా తొక్కి చూశాను. బుద్ధిగా నిలబడింది. మళ్ళీ తొక్కాను. నంద్యాల వరకూ తొక్కుతూనే ఉన్నాను. ఒక్కసారైనా పడదోయలేదు.