నాడా కింద నల్లమచ్చ

మే నెలలో చలి వేయటమేమిటో మీరే చెప్పండి. ఆ శనివారం తెల్లవారుజామున రిజర్వాయరు గట్టు మీద కూర్చున్న నాకు పళ్ళు టకటక కొట్టుకునేంత చలి వేసింది. పక్కన మా ఆయనకేమో చొక్కా తడిసేలా చెమటలు. "ఏవండీ, ఆ తువ్వాలు ఇటివ్వండి, కప్పుకుంటాను" అంటే వింతగా చూశారు. నా నుదుటి మీద చెయ్యి వేసి, "కాలిపోతున్నావు రత్నం, పద పద" అంటూ బైనాక్యులర్స్ సంచిలో పడేశారు. సరిగ్గా అప్పుడే జమ్ములో నుంచి ఏదో సన్నగొంతు పిట్ట కూయటం మొదలుపెట్టింది. నేను అంతకు ముందు వినని గొంతు. "ఒక్క నిమిషం ఉండండి, అదేదో తేల్చుకుని వెళ్దాం" అన్నాను. ఆయన ఉండనివ్వలేదు. అదేం పిట్టో నాకు ఈ రోజుకీ తెలియదు, ఇక తెలియదు కూడా.

మాది విజయవాడ, పటమట. ఇంటి ముందు గదిలోనే లేడీస్ టైలరింగ్ షాపు పెట్టుకున్నాను. ఏళ్ళ తరబడి మిషన్ మీద వంగి కుట్టీ కుట్టీ చూపు మందగించింది. బైనాక్యులర్స్ పెట్టుకున్నా నాకు కొంగకీ, కొమ్మకి తగులుకున్న ప్లాస్టిక్ కవరుకీ తేడా తెలియదు. చెవులు మాత్రం పాము చెవులు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మా ఆయనకి చూపు బ్రహ్మాండంగా ఉంటుంది కానీ కాకి కూతకీ కోకిల కూతకీ తేడా చెప్పలేరు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క.

ఎండాకాలం డెల్టాలో కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. అప్పుడు నీళ్ళు వెతుక్కునే పిట్టలు ఎక్కడెక్కడివో వచ్చి, మెట్టలో కొండల మధ్య మిగిలిన ఆ రిజర్వాయరు నీళ్ళ దగ్గర చేరతాయి. ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి శనివారాలు స్కూటర్ మీద వెళ్ళేవాళ్ళం. నీళ్ళు వెనక్కి తగ్గిన చోట మొలిచిన పచ్చగడ్డిలో నేను ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేదాన్ని. మనం కదలకపోతేనే అవి నోరు విప్పుతాయి. "తుమ్మ చెట్టు మీద పాలపిట్ట" అని నేను గుసగుసగా చెబితే, ఆయన అటు తిప్పి చూసి తల ఊపేవారు. వారమంతా జాకెట్ చేతులు బిగుతయ్యాయని, వదులయ్యాయని పోట్లాడే గొంతులే వినే నాకు ఆ కాసేపే పండగ.

జ్వరం వచ్చాక మా వీధి క్లినిక్‌కి వెళ్ళాం. రిజర్వాయరు సంగతి నేనే చెప్పాను.

"అక్కడ నీళ్ళు తాగారా?" అన్నారు డాక్టరు గారు.

"లేదండీ, మా సీసాలో నీళ్ళే."

"ఎక్కడో తాగే ఉంటారమ్మా, మీకు గుర్తుండదు."

విడాల్ టెస్ట్ చేయించి టైఫాయిడ్ అని తేల్చారు. రోజూ ఇంజెక్షన్. జ్వరం దాని మానాన అది వస్తూనే ఉంది. తల పగిలిపోయే నొప్పి. చెవుల్లో ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి ముందు వచ్చే హోరు మొదలైంది. అది చెబితే, "నీరసం అమ్మా, జ్వరం తగ్గితే అదే పోతుంది" అన్నారు.

ఆ రోజుల్లోనే స్నానం చేస్తుంటే నడుం పక్కన, లంగా నాడా కట్టే చోట, చిన్న నల్ల చెక్కు చేతికి తగిలింది. నేను అసలు పట్టించుకోలేదు. పట్టించుకోకపోవటానికి నా వృత్తే కారణం. చీర కట్టే ఏ ఆడదాని నడుం చూసినా నాడా ఒరుసుకుని నల్లటి చార ఉంటుంది. నా దగ్గర కొలతలిచ్చే వాళ్ళందరికీ చూస్తూనే ఉంటాను. "నాడా వెడల్పుగా వేసి కుడతాలే వదినా, కొబ్బరినూనె రాయి" అని ఎంతమందికి చెప్పానో. నాకూ అదే చెప్పుకుని, అదే నూనె రాసుకున్నాను.

ప్లేట్‌లెట్స్ పడిపోయాయని పెద్ద హాస్పిటల్‌లో చేర్చారు. డెంగ్యూ నెగటివ్, మలేరియా నెగటివ్. రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు ఫోన్ చూసుకుంటూనే, "ఒంటి మీద మచ్చలేమైనా ఉన్నాయా?" అన్నారు. "లేవండి" అన్నాను. నైటీ మీద నుంచే రెండు వేళ్ళతో కడుపు నొక్కి వెళ్ళిపోయారు. పోనీ, ఆడమనిషిని కదా, మొహమాటపడ్డారేమో! పక్కనే ఇద్దరు నర్సమ్మలున్నారు, తలుపుకి కర్టెన్ ఉంది. అంత మొహమాటం ఉన్నాయన బిల్లులో ఫిజికల్ ఎగ్జామినేషన్ అని రాయించుకోవటానికి మాత్రం మొహమాటపడలేదు.

చివరికి అల్ట్రాసౌండ్ గదిలో లేడీ డాక్టరు, "నాడా వదులు చెయ్యండమ్మా" అంది. జెల్ రాయబోతూ ఆగిపోయింది.

"ఇదేంటి?"

"నాడా ఒరుపండీ."

"నొప్పిగా ఉందా?"

"లేదండీ."

"ఒరుసుకుపోతే మండాలి కదమ్మా?"

అంత చిన్న ప్రశ్న. దాన్ని అడిగేవాళ్ళు అంతవరకు నాకు దొరకలేదు. ఆవిడ ఫోన్ చేస్తే పెద్ద డాక్టరు వచ్చి, ఈసారి వంగి మరీ చూశారు. "ఎస్చార్! క్లాసికల్ స్క్రబ్ టైఫస్! అయినా ఇది సీజన్ కాదే" అన్నారు. ఎస్చార్ అంటే ఆ నల్ల చెక్కేనట. గడ్డిలో కంటికి కనపడని పురుగు కుడితే వస్తుందట, బట్ట బిగుతుగా ఉండే చోట చూసి కుడుతుందట. "పొదల్లోకి ఎందుకెళ్ళారు?" అని నన్నే అడిగారు. పిట్టల కోసమంటే, "ఈ వయసులో పిట్టలేంటమ్మా?" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది, జ్వరంతో కాదు.

డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి దిగింది, ఆక్సిజన్ పెట్టి ఐసీయూలో ఉంచారు. ఆ మాత్రలే వీధి క్లినిక్‌లో ఇచ్చి ఉంటే ఇంట్లోనే తగ్గేదట. లేడీ డాక్టరు ఒక్కతే నిజం చెప్పింది: "లేట్ అయిందమ్మా."

జ్వరం పోయింది. చెవుల్లో హోరు కూడా మెల్లగా పోయింది. దాంతో పాటే పోయినవేమిటో ఇంటికొచ్చాక తెలిసింది. తెల్లారింది, పెరట్లో మందార చెట్టు మీద తేనెపిట్ట గొంతు లేదు. "ఈ ఏడాది రాలేదా?" అని అడిగితే మా ఆయన చెట్టు వైపు వేలు చూపించారు. అది నా ఎదురుగానే కొమ్మ మీద ఉందట, గొంతు చించుకుంటోందట.

ఈఎన్‌టీ డాక్టరు ఆడియోగ్రామ్ తీయించారు. గీత మొదట్లో బాగానే ఉండి, చివరికొచ్చేసరికి గోతిలో పడ్డట్టు దిగిపోయింది. "హై ఫ్రీక్వెన్సీ లాస్, అంటే సన్న శబ్దాలు వినపడవు. ఆ జ్వరానికి నర్వ్ దెబ్బతింది, తిరిగి రాదు. మాటలు వినపడుతున్నాయి కదా, ఇంక ఇబ్బందేముంది?" అన్నారు. "పిట్టలు వినపడటం లేదండీ" అన్నాను. ఆయన మా ఆయన వైపు చూసి నవ్వారు. హియరింగ్ ఎయిడ్ పెట్టి చూశాను. సన్న కూతలు రాలేదు కానీ, వీధిలో ఆటోలన్నీ నా నెత్తిమీదికొచ్చాయి.

చర్చి అక్కలు చూడటానికొచ్చి, "ప్రాణం దక్కింది, స్తోత్రం చెప్పుకో చెల్లెమ్మా" అన్నారు. చెప్పుకున్నాను. దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన ఇచ్చిన చెవుల్ని తలెత్తి చూడని మనుషులు పోగొట్టారు.

మీకు చెప్పేది ఒక్కటే. నాలుగు రోజులకు మించి జ్వరం తగ్గకపోతే సిగ్గుపడకుండా ఒళ్ళంతా వెతికించుకోండి, నాడా కిందా, చంకల్లో, రొమ్ముల కిందా. నొప్పి లేని నల్ల చెక్కు కనపడితే, డాక్టరు అడక్కపోయినా చూపించి, స్క్రబ్ టైఫస్ టెస్ట్ రాయమనండి. ఇప్పుడు నేను కొలతలు తీసేటప్పుడు నడుం మీద మచ్చ కనపడితే, "నొప్పి ఉందా?" అని అడుగుతున్నాను. ఒకావిడ, "జాకెట్ కుట్టమంటే ఒళ్ళు చూస్తావేంటి?" అని విసుక్కుంది. "డాక్టర్లు చూడరమ్మా, టైలరైనా చూడాలిగా" అన్నాను.

ఈ వేసవిలో మళ్ళీ రిజర్వాయరుకి వెళ్ళాం. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఆయన నా కోసం పాపం ఫోన్‌లో విని విని కూతలు నేర్చుకున్నారు. జమ్ము వైపు చెవి పెట్టి, నా వైపు వంగి ఏదో చెప్పారు. గుసగుసలు నాకు వినపడవు. "ఏంటండీ?" అన్నాను. మళ్ళీ చెప్పారు, మళ్ళీ వినపడలేదు. చివరికి గట్టిగా, "అదే రత్నం, ఆ రోజు కూసిన సన్నగొంతు పిట్ట!" అని అరిచారు.

ఆ అరుపు నాకు వినపడింది. జమ్ములో నుంచి ఏదో ఎగిరిపోయింది.