గాలికి ఆరిందన్నాను

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. మొదట్లో అది బరువుగా కూడా అనిపించలేదు. అన్నం సయించింది, నిద్ర పట్టింది, కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాను. మొన్న ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఒకామె నన్ను ఒక్క మాట అడిగింది. అప్పటినుంచి ముద్ద దిగడం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నా ఉద్యోగం నేలకు కాపలా కాయడం. ఇచ్చోడ అవతల ఒక ఊరి పొలిమేరలో, నల్లరేగడి కింద ఉండే బండరాతిలోకి బొగ్గుపులుసు వాయువును పంపి దాచే ప్రయోగం ఒకటి జరిగేది. ఫ్యాక్టరీల పొగలోంచి తీసిన వాయువు అది. లోపలికి పంపింది లోపలే ఉందా, పగుళ్లలోంచి పైకి వస్తోందా అని చూడడం నా పని. చేతిలో ఒక మిషను, దానికో పొడుగాటి గొట్టం. చేలల్లో, బోర్ల దగ్గర, బావుల్లో గొట్టం దించి చూడాలి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. బరువైనది కాబట్టి పల్లంలో నీళ్లలా నిలుస్తుంది. అందులోకి దిగిన మనిషి కేక వేసేలోపే పడిపోతాడు.

మిషనుకు ఒక పద్ధతి ఉంది. ముందు మంచి గాలిలో నిలబడి సున్నా మీట నొక్కాలి. ఆ గాలినే అది మామూలు గాలిగా గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎక్కడ తేడా వచ్చినా అరుస్తుంది. అయితే అది పెంటకుప్ప పక్కనా అరిచేది, ఆకులు కుళ్లిన గుంతలోనూ అరిచేది. అరిచిన ప్రతిసారీ పై ఆఫీసుకు చెప్పాలి, మట్టి తీయాలి, నీళ్లు పట్టాలి, మళ్లీ రావాలి. విసుగొచ్చి ఒక అలవాటు చేసుకున్నాను. అరిచిన చోటే సున్నా నొక్కేవాణ్ని. అది నోరు మూసుకునేది. చెడ్డ గాలినే మంచి గాలి అనుకునేది.

లింగన్న బావి దగ్గరా అదే చేశాను.

లింగన్న పత్తి రైతు. వానలు పడేలోపు బావిలో పూడిక తీసుకోవాలని ఆ పొద్దున భార్య పోచవ్వతో చేనుకొచ్చాడు. వాళ్లు గట్టెక్కేలోపే నా గొట్టం బావిలో ఉంది. మిషను అరవడం, నేను సున్నా నొక్కడం అయిపోయాయి. ఆ ఊళ్లో బావిలోకి మనిషిని దించే ముందు దీపం దించుతారు. తాడు కట్టిన రేకు డబ్బాలో దీపం వెలిగించి, మొక్కి, ఇంటి ఆడమనిషి దించుతుంది. దీపం ఆరితే ఆ పూట ఎవరూ దిగరు. పోచవ్వ దించింది. అడుగు దగ్గరపడేదాకా బాగానే పోయింది. తర్వాత ఆరిపోయింది. డబ్బాను పైకి లాగి గట్టుమీద పెట్టింది.

“ఇయ్యాల దిగకు. దీపమారింది,” అంది పోచవ్వ.

లింగన్న నావైపు చూశాడు. “సారూ, నీ మిషినేమంటుంది?”

“సున్నా. నువ్వే సూడు కాకా.”

“మరి దీపం?”

“గాలికి ఆరింది. గీ కాలంల గూడ దీపాలేంది? జర పని కానీయ్.”

“బాయిల గాలి ఏడికెళ్లొస్తది సారూ?” అంది పోచవ్వ.

నేను నవ్వాను. నేను నవ్వానని లింగన్న కూడా నవ్వాడు. కండువా తలకు చుట్టుకుని దిగాడు.

నాకు అప్పుడు తెలుసా? ఏళ్లుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను. మీట నొక్కిన సంగతి మరిచిపోయానని, నిజంగానే గాలి వీచిందని, ఎన్నెన్నో చెప్పుకున్నాను. తెలుసు. మీట నొక్కి ఎంతోసేపు కూడా కాలేదు. ఆమె మాట నాకు ఎకసెక్కంగా తోచింది. నా మిషను కంటే నీ దీపం ఎక్కువా అని ఒళ్లు మండింది. ఆ మంటలో ఒక మనిషి ప్రాణం కంటే నా మాట నెగ్గడమే నాకు ముఖ్యమైంది.

లింగన్న అడుగుకు చేరాడు. పార ఎత్తాడు. కూర్చున్నట్టుగా ఒరిగిపోయాడు. పోచవ్వ పిలిచింది. మళ్లీ పిలిచింది. పలకలేదు. మరిదిని పిలుచుకురావడానికి అరుచుకుంటూ పక్క చేనుకు పరుగెత్తింది. బావి దగ్గర నేనొక్కణ్నే మిగిలాను. రేకు డబ్బా గట్టుమీద ఉంది. దీపం ఆరిందని తెలిస్తే మిషను సంగతి అడుగుతారు. తాడుతో సహా డబ్బాను కాలితో బావిలోకి తోసేశాను. అది పడిన చప్పుడు విన్నాను. కింద లింగన్న అప్పటికింకా బతికే ఉన్నాడేమో. నేను ముందు దీపం సంగతి చూసుకున్నాను.

లింగన్న తమ్ముడు వచ్చి దూకబోయాడు. నడుం పట్టుకుని ఆపాను. బావిలో ఏముందో నాకెలా తెలుసని ఎవరూ అడగలేదు. “సారు లేకుంటె రెండో పీనుగ లేస్తుండె,” అన్నారు. ఆ తమ్ముడు తర్వాత నా కాళ్లకు మొక్కాడు. మొక్కించుకున్నాను.

శవాన్ని పైనుంచే కొక్కేలతో లాగారు, అడుగున డబ్బా ఎవరి కంటా పడలేదు. ఆకులు కుళ్లి పుట్టిన గాలి అని మా ఆఫీసు పెద్దలు తేల్చారు. చుట్టుపక్కలంతా నేను చూపించినవి సున్నాలే కదా. అది నిజంగా బావిలో పుట్టిందా, మేం దాచిన చోటినుంచి వచ్చిందా? చెప్పగలిగిన మిషను నోరు నేనే మూశాను. ఆ బావిని కూడా పూడ్చేశారు.

దినాలయ్యాక ఊరు కూడింది. దీపం దించినవా అని మరిది నిలదీశాడు. దించిన, ఆరింది, సారు గాలికన్నడు, అని పోచవ్వ చెప్పింది. అందరూ నావైపు తిరిగారు. “నేను సూడలే,” అన్నాను. గట్టుమీద దీపం లేదని మరిది కూడా అన్నాడు.  తర్వాత పత్తి ఏరేటప్పుడు ఆమె పక్క సాలు పట్టినవాళ్లు లేరని విన్నాను. దీపం దించకుండా మొగుణ్ని దించిందని పేరు పడింది. ఊరు విడిచిపోయింది.

ప్రతి ఆదివారం చర్చిలో అందరం కలిసి మా తప్పులు ఒప్పుకుంటాం. నేనూ గొంతు కలుపుతాను. అందరి మధ్య అది చాలా సులువు.

మొన్న మిల్లు గేటు దగ్గర కనిపించింది పోచవ్వే. జుట్టు నిండా దూది. నన్ను గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“సారూ, ఒక్కటడుగుత, నిజం జెప్పు. గా దినం నేను దీపం దించిన్నా? దించిన్ననే అనుకుంటుంటి. అందరు లేదు లేదంటే నాగ్గూడ లేదనే అనిపిస్తుంది.”

అప్పుడైనా చెప్పొచ్చు కదా? పక్కన ఎవరూ లేరు. నన్ను ఎవరూ ఏమీ చేయలేరు.

“యాదికి లేదవ్వా,” అన్నాను.

తలూపింది. “నేనే దించలేదో ఏమో,” అనుకుంటూ లోపలికి పోయింది.

ఆమెకు చదువు రాదు. ఇది ఆమె దాకా పోదని తెలిసే రాస్తున్నాను. ఈ పిరికితనాన్ని కూడా నా తప్పుల్లో కలుపుకోండి. క్షమించమని అడగను. రాస్తుంటే నాకు కొంచెం తేలికైన మాట నిజం. అది కూడా ఆమెకు కాదు, నాకే.

పోచవ్వా, నువ్వు దీపం దించినవు. నా కండ్ల ముందటనే దించినవు. ఆరింది. గాలికి కాదు.