అలీబాగ్‌లో ఆకుపచ్చ మెరుపు

లక్సెట్టిపేటలో పెళ్లిళ్ల ఫొటోలు తీసి బతికేవాడికి సముద్రంతో పనేమిటని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది. పనుంది. సూర్యుడు సముద్రంలో పూర్తిగా మునిగే ఆఖరి క్షణంలో, గాలి తేటగా ఉంటే, పైఅంచు ఆకుపచ్చగా మెరిసి మాయమవుతుంది. అదీ ఎప్పుడో గానీ జరగదు. గోదావరి ఒడ్డున నిలబడితే దొరికేది కాదు, అవతలి గుట్టలు సూర్యుణ్ని ముందే మింగేస్తాయి. ఆ ఒక్క ఫొటో కోసం ఏళ్లుగా కొట్టుకులాడాను.

వానలు వెనకపట్టాక భీవండిలో ఉండే అక్కను చూడటానికి పోతూ మా అమ్మను వెంటబెట్టుకున్నాను; మేం అవ్వ అనే పిలుస్తాం. ఒక పూట అక్కడి నుంచి, పడమటి సముద్రం ఒడ్డునున్న అలీబాగ్‌కు తీసుకెళ్లాను. అవ్వ సముద్రం దగ్గరికి రావడం అదే మొదటిసారి. దారి పొడవునా నా మోచెయ్యి వదల్లేదు. జనాన్ని చూసి బెదురుతోంది అనుకున్నాను.

స్టాండు నిలబెట్టి కెమెరా బిగించాను. "అవ్వా, ఆఖరుకు పచ్చగ మెరుస్తది. రెప్ప కొట్టకు."

సూర్యుడు గోరంత మిగిలాడు. మెరిసింది! అప్పుడే మొలిచిన వరినారు రంగు. బటన్ నొక్కేశాను.

"చూసినవా అవ్వా?"

"చూసిన బిడ్డా. ఎంత పచ్చగున్నదో!"

సంతోషం పట్టలేక కెమెరా విప్పి, ఫొటో తెరిచి ఆమె ముఖం ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. "అచ్చం గట్లనే వచ్చింది. జబర్దస్తున్నది" అంది. నేనూ ఇంకోసారి చూసుకుందామని పక్కకు వంగాను. తెర నల్లగా ఉంది. కాసేపు ముట్టుకోకపోతే అది దానంతటదే ఆరిపోతుంది.

కెమెరా కిందికి దించాను.

మా పెళ్లిళ్లలో పట్టపగలు అరుంధతిని చూపిస్తారు. అయ్యగారు వేలు చూపిన దిక్కు చూసి పెళ్లికూతురు "కనవడ్డది" అంటుంది. కనబడలేదన్న పిల్లను ఇంతవరకు చూడలేదు. "జర పైకి జూడమ్మా, కనవడ్డట్టు నవ్వు" అని చెప్పేది నేనే. మా దగ్గర ఎవరైనా ప్రేమగా ఏదైనా చూపిస్తే, చూశాననడమే మర్యాద.

"అవ్వా, నిజం చెప్పు. నీకు కనవడ్తున్నదా?"

కొంగు సవరించుకుంది. "ఏడాది సంది అంత మసకమసక. ఇంట్ల అయితె తడుముకుంట తిరుగుత. ఆపరేషనంటె నువ్వు దుకాణం బంద్ వెట్టుకొని పరేషాన్ అయితవని చెప్పలే."

పొద్దూమాపూ ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. నాకు తెలియలేదు! ఎవరి మీదో తెలియని కోపం తన్నుకొచ్చింది. "మరి గీడిదాంక ఎందుకొచ్చినవ్?" అని అరిచాను. పోయేవాళ్లు ఆగి చూశారు.

అవ్వ చెయ్యి చాచి, తడుముతూ నా చెంప దొరకబుచ్చుకుంది.

"నువ్వు రమ్మన్నవు గద. నీ మొఖం జూడక ఏడాదైంది బిడ్డా. గా పొద్దు మెరిస్తె నాకేంది, మెరవకుంటె నాకేంది?"